కలపని ఫోన్లు

ఐదు దాకా లెక్కపెట్టాలి, పెదవులు కదలకుండా. ఎదుటి మనిషి చెప్పడం అయిపోయిందనిపించాక కూడా ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అప్పుడు గానీ ఇంకో ప్రశ్న వేయకూడదు. ఈ సంగతి నేను ఎంతమందికి నేర్పానో. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బల్ల మీద వేలితో తట్టి చూపించేవాణ్ణి. మనం ఏం వినాలనుకుంటున్నామని తోస్తే అదే చెప్తాడు మనిషి మొదట. కాస్త ఆగితే తను చెప్పాలనుకున్నది బయటికొస్తుంది. వాళ్లు అది బుద్ధిగా రాసుకుంటుంటే నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది. తీరా ఇప్పుడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నా గొంతు నేనే వింటున్నాను. పదకొండో నిమిషం. నాలుగుసార్లు వెనక్కి జరిపి విన్నాను. ఐదు కాదు, మూడూ కాదు. రెండు.

ఆమె ఊపిరి తీసుకుంది, అంతే. ఏదో చెప్పబోయే మనిషి తీసుకునే ఊపిరి. పెదవులు విడివడే చిన్న చప్పుడు కూడా రికార్డయింది. దాని మీద నా గొంతు పడింది: "సుమారుగా చెప్పండి చాలు."

ఆ ఊపిరి ఏమైపోయిందో తెలియదు. తర్వాత వినిపించేది వేరే గొంతు, ఆఫీసు గొంతు. "రాసే ఉంది కదా సార్. నలభై."

ఆసుపత్రివాళ్లు నాకిచ్చిన గది ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు దాచిన గది. కిటికీ లేదు. ఇనుప అరలకి అంటించిన సంవత్సరాల చీటీలు ఇంకా ఊడిపోలేదు. అరలు ఖాళీ, సంవత్సరాలు మాత్రం వరసగా ఉన్నాయి. ఆరు వారాలుగా పొద్దున తొమ్మిదికి వచ్చి ఆ అరల మధ్య కూర్చుంటున్నాను. సాయంత్రం లాడ్జికి వెళ్తాను. మధ్యలో జనంతో మాట్లాడతాను. మాట్లాడతాను అనడం కూడా తప్పే. అడుగుతాను.

నా పని గురించి చెప్తే చాలామందికి నవ్వొస్తుంది. ఏదైనా సంస్థ ఒక మార్పు చేయాలనుకుంటే, ఆ మార్పు ఎవరెవరికి తగులుతుందో వాళ్లందరి దగ్గరా కూర్చుని, ప్రశ్నలడిగి, విన్నది నివేదికగా రాసిస్తాను. ఇక్కడ మార్చబోతున్నది టెలిఫోన్లు. బయటినుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, కింద నేలమాళిగలో ఒక ఆపరేటరు ఎత్తి, కావలసిన వార్డుకి కలుపుతుంది. ఇకమీదట ఒక యంత్రం పలుకుతుంది. ఫలానా విభాగానికి ఒకటి నొక్కండి, ఫలానా విభాగానికి రెండు నొక్కండి. ఆపరేటరుని సామాన్ల గదికి మారుస్తారు, ఆ గదికి తాళం వేస్తారు. రేపు ఉదయం కమిటీ కూర్చుంటుంది. నా నివేదికలో మూడో అంశం చదివి, సంతకాలు పెడతారు. మూడో అంశంలో ఇలా ఉంది: ‘ప్రస్తుత పద్ధతిలో రోజుకు సగటున నలభై ఫోన్లు గల్లంతవుతున్నాయి.’

ఆ నలభై అంకె ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఆపరేటరు రాసే రిజిస్టరులో రెండే గడులు. కలిపినవి, కలపనివి. కలపనివి రోజూ నలభైకి అటూ ఇటూ ఉంటాయి. మేనేజరు మొదటి రోజే ఆ రిజిస్టరు నా ముందు పెట్టి, "చూశారా గురువుగారూ, తన చేత్తో తనే రాసుకుంది. ఇంకేం సాక్ష్యం కావాలి మనకి?" అన్నాడు. నేనూ అనుకున్నాను, ఇంకేం కావాలని. ఇవాళ పొద్దున నివేదికకి తుదిమెరుగులు పెడుతూ, మూడో అంశం కింద ఆపరేటరు సొంత మాట ఒకటి ఉన్నదున్నట్టు వేస్తే బాగుంటుందనిపించింది. మనిషి మాట ఒకటి ఉంటే అంకెలకి ప్రాణం వస్తుంది. అదీ నేను నేర్పే సూత్రాల్లో ఒకటే. అందుకే ఆమె రికార్డింగు బయటికి తీశాను.

మొత్తం పద్నాలుగు మంది. పద్నాలుగు రికార్డింగులు. నన్ను ఇక్కడ ‘ప్రశ్నలాయన’ అంటారని దుప్పట్లు ఉతికే గదిలోని పెద్దాయన చెప్పాడు. ఆయనది మూడో ఇంటర్వ్యూ. యంత్రాల హోరులో గట్టిగా అరుస్తూ మాట్లాడుకున్నాం.

"అల్లుడుగారూ, మీకేం కావాలో ముందే చెప్పండి. అదే చెప్పేస్తాను."

"అలా కాదండీ. మీరు ఏమనుకుంటున్నారో అది కావాలి నాకు."

"అదెందుకు బాబూ, అదెవరిక్కావాలి?" అని నవ్వాడు. "అల్లుడుగారు భోజనం ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటాం కదా. ఉప్పు తక్కువైందని అంటామా?"

నన్ను అల్లుడుగారిని ఎందుకు చేశాడో అప్పుడు అర్థం కాలేదు. అందరూ కుర్చీ తుడిచి వేసి, టీ తెప్పించి, భయంగా ముందు నిలబడితే అల్లుడు కాక మరేమవుతాను? పద్నాలుగు ఇంటర్వ్యూల్లో అంత ఖరాఖండిగా నిజం చెప్పినవాడు ఆయనొక్కడే. ఆ మాట నివేదికలో వేయలేదు. విషయానికి సంబంధం లేదనుకున్నాను.

ఆపరేటరు రికార్డింగులో మళ్లీ పదో నిమిషం దగ్గరికి వెళ్లాను. అక్కడ ఫోన్ మోగుతుంది. "ఒక్క నిమిషం సార్" అంటుంది ఆమె. ఎత్తుతుంది. "ఉన్నానండీ" అంటుంది. తర్వాత ఏమీ ఉండదు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు, గోడ గడియారం, నా కలం కాగితం మీద నడుస్తున్న చప్పుడు. మళ్లీ మెల్లగా, "ఉన్నాను." మళ్లీ ఏమీ లేదు. యాభై మూడు సెకన్లు. రిసీవరు పెట్టేసిన చప్పుడు. వెంటనే నా గొంతు, ఉషారుగా: "ఇలాంటి రాంగ్ కాల్సు రోజుకి ఎన్ని వస్తాయండీ?"

నేనే అన్నాను రాంగ్ కాల్ అని. ఆమె అనలేదు. ఆ యాభై మూడు సెకన్లూ నేను తలెత్తి ఆమె ముఖం చూడలేదు. తర్వాతి ప్రశ్న పక్కన గీత పెట్టుకుంటున్నాను. ప్రశ్నలోనే జవాబు పెట్టి ఎదుటి మనిషికి అందించకూడదని కూడా నేర్పేవాణ్ణి. ‘ఎన్ని’ అని అడగొద్దు, ‘కిందటిసారి ఏం జరిగింది’ అని అడగండి, అనేవాణ్ణి.

నన్ను నేను ఎలా సమర్థించుకుంటానా అని వేచి చూశాను. టైము తక్కువ, ఆమె పనిలో ఉంది, ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. అన్నీ నిజమే. కానీ మిగతా రికార్డింగులు తీసి విన్నకొద్దీ ఇంకో సంగతి తెలిసొచ్చింది. మొదటి పది నిమిషాలు నేను బాగానే ఆగుతాను. ఐదు కాకపోయినా నాలుగు. ఎదుటి మనిషి కాస్త తేలికపడి, కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు మనిషిని చూసినట్టు చూడటం మొదలుపెట్టాక నాకు కంగారు పుడుతుంది. అప్పుడు ప్రశ్నల వేగం పెరుగుతుంది. మౌనం ఎక్కువైతే వాళ్లు నా వైపు చూస్తారు. చూస్తే ఏదో ఒకటి అడుగుతారు. నా ప్రశ్న తెలుసుకోవడానికి కాదు, తలుపు గడియ అది.

అలా నన్ను అడిగింది ఆపరేటరు ఒక్కతే. రికార్డింగు చివర్లో ఉంది. "ఇంతదూరం వచ్చి ఉంటున్నారు కదా, భోజనం ఎక్కడ చేస్తున్నారు సార్?"

"ఆఖరి ప్రశ్నకి వద్దామండీ" అంటున్నాను నేను.

ఇయర్‌ఫోన్లు తీసేశాను. గదిలో ట్యూబులైటు జుమ్మంటోంది. కారణం లేకుండా అక్క గుర్తొచ్చింది. కారణం ఎందుకు లేదు, ఉంది. ఆదివారం పదకొండింటికి అక్కకి ఫోన్ చేస్తాను. పదేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. తిన్నావా, బావ మోకాలు ఎలా ఉంది, చిన్నది బాగా చదువుతోందా, ఇంటి పైకప్పు కారడం తగ్గిందా. ఇదే వరస. ఒకసారి తనే అంది, "ఒరేయ్, నాలుగోది కూడా అడిగెయ్, పొయ్యి మీద పాలున్నాయి." ఇద్దరం నవ్వుకున్నాం. అది నవ్వాల్సిన మాట కాదని ఇప్పుడనిపిస్తోంది. మొన్న ఆదివారం మొదటి ప్రశ్నకే "తిన్నాలే" అని, "ఒరేయ్..." అంది. ఆగింది. ఊపిరి తీసుకుంది. అదే ఊపిరి. నేను బావ మోకాలి దగ్గరికి వెళ్లిపోయాను.

"ఆఁ, తగ్గింది" అంది అక్క. ఆఫీసు గొంతు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఇవాళ బుధవారం. బుధవారం నేను ఫోన్ చేస్తే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఆ వంక బాగా దొరికింది. ఫోన్ జేబులో పెట్టుకుని మేనేజరు గదికి వెళ్లాను.

ఆయన ఒక చేత్తో సంతకాలు పెడుతూ, ఇంకో చేత్తో నన్ను కూర్చోమన్నాడు.

"మూడో అంశం ఒకసారి మళ్లీ చూడాలండీ" అన్నాను.

"చూసేదేముంది? అన్నింట్లోకీ అదొక్కటే సూటిగా ఉంది."

"ఆపరేటరమ్మతో ఇంకోసారి మాట్లాడాలి."

సంతకాలు ఆగాయి. "పోయినవారం మాట్లాడారు కదా? ఇరవై రెండు ప్రశ్నలూ అడిగారు కదా?"

"అడిగాను. వినలేదు."

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నన్ను చూశాడు. వేళాకోళమో కాదో తేల్చుకోలేకపోయాడు. "గురువుగారూ, ఐదింటికి కాగితాలు ప్రింటుకి పంపాలి. ఈలోగా మీరు వింటానంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ అంకె మారిందంటే మాత్రం నా పీకల మీదికొస్తుంది. ఆ నలభై నేను ఇప్పటికే పైవాళ్లకి చెప్పేశాను."

"అంకె మారదండీ" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. అప్పటికి నాకు ఊహ తప్ప ఏమీ లేదు.

ప్రశ్నల కాగితాలు గదిలోనే వదిలేశాను. రికార్డరు కూడా. నివేదికలో మూడో అంశం ఉన్న పేజీ, కలం మాత్రం జేబులో పెట్టుకుని మెట్లు దిగాను. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆపరేటరు గదికి ఉన్న ఒక్క కిటికీ సీలింగుకి దగ్గరగా, బయట నేలకి సమంగా ఉంటుంది. అందులోంచి నడిచేవాళ్ల పాదాలు మాత్రమే కనిపిస్తాయి. దీపాల బోర్డు, రెండు ఫోన్లు, రిజిస్టరు, పాత దుప్పటి ముక్కలతో కుట్టిన కుర్చీ దిండు. గోడకి నంబర్ల జాబితా. పక్కన ఆమె చేతిరాతతో చిన్న చిన్న మాటలు ఉన్నాయి: ‘మందుల గది — ఆరోసారి మోగితే ఎత్తుతారు.’ ‘పిల్లల వార్డు — మధ్యాహ్నం మెల్లగా మాట్లాడాలి.’ పోయినవారం కూడా అవి అక్కడే ఉండి ఉంటాయి.

"రండి సార్. ఏమైనా మర్చిపోయారా?" అంది ఆమె. యాభై దాటిన మనిషి. తల తిప్పకుండానే అంది. "మీ బూట్లు కిటికీలో కనిపించలేదు, అయితే పైనుంచే దిగారు."

"బూట్లు చూసి పోల్చేస్తారా?"

"ముప్పై ఏళ్లుగా అవే కదా చూస్తున్నా. ముఖాలకంటే నయం సార్, అబద్ధాలాడవు. పరిగెత్తేవాళ్లు పరిగెత్తుతారు, ఈడ్చుకుంటూ పోయేవాళ్లు పోతారు."

కూర్చున్నాను. నా చేతుల్లో కాగితాలు లేకపోవడం ఆమె గమనించింది.

"నిన్న మీరు కలపని ఫోన్లలో ఒకటి చెప్పండి" అన్నాను. "మొదటినుంచీ. ఏం జరిగిందో."

ఆమె నా వైపు తిరిగింది. ఒకటి. రెండు. బోర్డు మీద దీపం వెలిగితే కలిపి, మళ్లీ తిరిగింది. మూడు. నా నాలుక చివర ‘ఏదైనా పరవాలేదు’ అన్న మాట సిద్ధంగా ఉంది. నాలుగు. దాన్ని పళ్లతో పట్టుకున్నాను.

"పొద్దున ఒకాయన చేశాడు సార్" అంది. "‘మా ఆవిడ అక్కడుంది’ అన్నాడు. ఏ వార్డండీ అంటే తెలీదన్నాడు. పేరు కనుక్కుని ఆడవాళ్ల వార్డుకి చేశా. ఆపరేషనైంది, నిద్రపోతోందని చెప్పింది నర్సమ్మ. కలపనా అని అడిగా ఆయన్ని. ‘వద్దమ్మా, వాళ్ల పనుల్లో వాళ్లుంటారు, నువ్వే చెప్పు’ అన్నాడు. చెప్పా. కాసేపాగి, ‘దుప్పటి కప్పారా?’ అన్నాడు. మళ్లీ వార్డుకి చేశా."

"కప్పారా?"

"లేదు. నేను చేశాక కప్పారు."

నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు.

"దాన్ని ఏ గడిలో రాశారు?"

"కలపనివాటిలో. కలపలేదు కదా సార్, అబద్ధం ఎలా రాస్తాను?" రిజిస్టరు నా వైపు తిప్పింది. "రెండే గడులిచ్చారు. మూడోది ఉంటే అందులో రాసేదాన్ని."

"రోజుకి నలభై ఇలాంటివేనా?"

"ఒకటో రెండో లైను తెగిపోతాయి. మిగతావన్నీ ఇలాంటివే. మందు తిన్నాక వేసుకోవాలో ముందు వేసుకోవాలో మర్చిపోతారు. డాక్టరునడిగి చెప్తా. ఇంటికెళ్లిపోయాక భయమేస్తుంది కొందరికి. ఎవరికి కలపను వాళ్లని? భయానికి నంబరేముంది?"

"పైవాళ్లకి ఎప్పుడూ చెప్పలేదా?"

"అడిగితే కదా సార్ చెప్పేది." చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "మీరు అడుగుతారనుకున్నా, పోయినవారం."

దెప్పిపొడుస్తున్నట్టు అనలేదు. దీపం వెలిగిందని చెప్పినట్టు చెప్పింది. జేబులోంచి పేజీ తీసి, ఆమె బల్ల మీదే పెట్టి, ‘గల్లంతవుతున్నాయి’ అన్న మాట మీద గీత కొట్టాను. మొదట సన్నగా, తర్వాత లావుగా. పక్కన ఖాళీలో రాశాను: ‘రోజుకు దాదాపు నలభై మందికి ఆపరేటరే సమాధానం చెబుతోంది. యంత్రం ఈ పని చేయలేదు. ఈ గది మూయకూడదు.’ అంకె మారలేదు. మేనేజరు పీకల మీదికి రావలసింది మాత్రం వస్తుంది. కమిటీ ఒప్పుకుంటుందో లేదో చెప్పలేను. నా సంతకం కింద అబద్ధం మాత్రం ఉండదు.

ఆమె తలకిందులుగానే చదివింది. చదవడం అయ్యాక కూడా కాసేపు ఆ కాగితం వైపే చూస్తూ ఉంది.

"పోయినవారం నేనున్నప్పుడు ఒక ఫోన్ వచ్చింది" అన్నాను. "అవతల ఎవరూ మాట్లాడలేదు."

"అదా. రోజూ మూడుంబావుకి వస్తుంది. నాలుగేళ్లయింది. ఆడో మగో కూడా తెలీదు."

"ఏమీ అనరా?"

"అనరు. ఉన్నానండీ అంటా. కాసేపుంటారు, పెట్టేస్తారు."

"మీరే పెట్టెయ్యొచ్చు కదా?"

వింత ప్రశ్న విన్నట్టు చూసింది. "వాళ్లింకా పెట్టలేదు కదా సార్."

గోడ గడియారంలో మూడూ పద్నాలుగు. ఇద్దరం ఆ గడియారాన్ని చూశాం. కిటికీలో ఒక జత చెప్పులు ఆగి, ఎటు వెళ్లాలో తెలియనట్టు అటూ ఇటూ తిరిగి, వెళ్లిపోయాయి. వెళ్లిపోవాలని నాకూ అనిపించింది. పని అయిపోయింది, కాగితం పైకి ఇవ్వాలి. లేవడానికి కుర్చీ చేతుల మీద చేతులు వేశాను.

ఫోన్ మోగింది.

"ఉన్నానండీ" అంది ఆమె. సరిగ్గా అప్పుడే బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. ప్రమాదాల వార్డు. ఆమె ఒక్క క్షణం దీపాన్నీ, నన్నూ చూసి, రిసీవరు నా చేతిలో పెట్టేసింది.

"పట్టుకోండి బాబూ. ఏం అడక్కండి. మాట్లాడాలనిపిస్తే ఉన్నానని చెప్పండి, చాలు." అప్పటికే రెండో ఫోన్ ఎత్తి, డాక్టరు కోసం పై అంతస్తులన్నీ వెతకడం మొదలుపెట్టింది.

రిసీవరు వెచ్చగా ఉంది, ఆమె చెవి వేడి. అవతల నిశ్శబ్దంగా లేదు. దూరంగా ఎక్కడో కుళాయి కారుతోంది. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, వదులుతున్నారు. నాకు తెలిసిన ప్రశ్నలన్నీ వరసలో నిలబడ్డాయి. ఎవరండీ, ఎవరు కావాలి, ఎక్కడినుంచి, మీకేం సాయం కావాలి. ఒకటి, రెండు. ఐదు దాటింది, పది దాటింది. తర్వాత లెక్క తప్పింది.

అవతలి మనిషి ఊపిరి తీసుకుని, వదలకుండా ఆపారు. ఊపిరి మారిందని, ఇవతలున్నది రోజూ ఉండే మనిషి కాదని తెలిసిపోయిందేమో. పెట్టేస్తారేమో. ఆ ఊపిరి నాకు తెలుసు. ఆదివారం పదకొండింటికి విన్నాను దాన్ని.

రెండు చేతులతో రిసీవరు పట్టుకుని, "ఉన్నాను" అన్నాను.